ఎడారిలో జాగా పట్టిన కృపాకుమారి

పాలకొల్లు బస్టాండులో కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టే విద్య సముద్రం దాటి దుబాయ్ ఎప్పుడు చేరిందన్న విషయం మీద పండితులు ఇంతవరకూ నోరు విప్పలేదు. మిరపకాయ ఏ ఓడలో వచ్చింది, పొగాకు ఎవరు తెచ్చారు అని లావుపాటి గ్రంథాలు రాసినవాళ్లు కూడా తువ్వాలు దగ్గరకొచ్చేసరికి మౌనం వహించారు. ఇది చరిత్రకు జరిగిన అన్యాయం. ఆ విద్యను అరబ్బు నేల మీదికి దిగుమతి చేసి, తువ్వాలును దుప్పటిగా పెంచి, బస్సు సీటు స్థానంలో చెట్టునీడను నిలిపి, దాన్నొక శాస్త్రం స్థాయికి తీసుకుపోయిన వ్యక్తి కృపాకుమారి.

జీతం కోసం ఆమె దుబాయ్‌లో ఒక ఆసుపత్రిలో హెడ్ నర్సు. కాపురం షార్జా అల్ నహ్దాలో, ఒక ఫ్లాటులోని ఒక గదిలో. ఈ రెండూ బతకడానికి. జాగా పట్టడం మాత్రం ఆమె పుట్టుకకు అర్థం.

ఆమె పద్ధతి ఇది. శుక్రవారం పార్కు గేటు తెరవకముందే అక్కడ నిలబడేది. తెరిచీ తెరవగానే, పరుగు అనడానికి వీల్లేని ఒక రకం నడకతో పోయి, మంచి చెట్టు చూసి, చీరాల నీలంగళ్ల దుప్పటి పరిచేది. ఒక మూల మంచినీళ్ల క్యాను, రెండో మూల బిర్యానీ గిన్నె, మూడో మూల పాటల పుస్తకాల సంచి, నాలుగో మూల భర్త జ్ఞానరాజు. గాలి ఎక్కువగా ఉన్న రోజుల్లో ఆయన్ని కదలొద్దనేది. తక్కిన చర్చి సంఘస్థులంతా ప్రార్థన ముగించుకుని, పిల్లలకు బట్టలు మార్చుకుని, తీరిగ్గా పదకొండింటికి వచ్చి ఆ నీడలో కూర్చుని, "ఇక్కడ భలే ఖాళీగా ఉందే" అనేవారు. ఒకసారి తోటమాలి వచ్చి, చెట్టుకు నీళ్లు పెట్టాలి, లేవండి అన్నాడు. "మీ పని మీరు చేసుకోండి నాయనా, మేం తడుస్తాం" అంది కృపాకుమారి. తడిసింది కూడా.

అటువంటి మనిషి జీవితంలో అతి పెద్ద జాగా 2006 జనవరి మొదటి శుక్రవారం నాడు పట్టవలసి వచ్చింది. దానికి కారణం హెప్సీ.

హెప్సీ అదే ఆసుపత్రిలో నర్సు. వయసు ముప్పైకి దగ్గర పడింది. సెలవు మీద ఊరెళ్లినప్పుడల్లా ఎవరో ఒకరు వచ్చి, బూందీ తిని, కాఫీ తాగి, చూసి వెళ్లారు. నర్సులకు రాత్రి డ్యూటీలుంటాయి కదా అని ఒకరు, మరీ ఎక్కువ మాట్లాడుతోందని ఇంకొకరు, ఏమీ చెప్పకుండా మరొకరు. ఒకసారి చూసి వెళ్లిపోయారంటే ఆ ముద్ర ఆడపిల్లకే పడుతుంది, బూందీ తిన్నవాడికి పడదు. అందుకని కృపాకుమారి తన సంఘంలో ఒక ఆచారం నెలకొల్పింది. పెళ్లిచూపులు అన్న మాట ఎవరూ పలకకూడదు. అబ్బాయి, అమ్మాయి ఒక పిక్నిక్కులో అనుకోకుండా కలుస్తారు. ఎవరూ ఎవరినీ మీరు ఫలానా వారేనా అని అడగరు. కుదిరితే దేవుని చిత్తం. కుదరకపోతే అసలు ఏమీ జరగలేదు.

ఈసారి అబ్బాయి ప్రభుకిరణ్. అబుదాబి దగ్గర సముద్రంలో చమురు తీసే చోట టెక్నీషియన్. ఒక నెల నీళ్ల మీద, ఒక నెల నేల మీద. అబుదాబిలో ఉండే విల్సన్ అనే పెద్దమనిషి మధ్యవర్తి. ఫోటోలు మార్చుకోవడం అయింది గాని వాటివల్ల ఎవరికీ ప్రయోజనం లేదు. అబ్బాయి పంపిన ఫోటోలో హెల్మెట్టు, నల్ల కళ్లద్దాలు చాలా బాగా పడ్డాయి. మనిషి వాటి వెనకాల ఉన్నాడు. హెప్సీ పంపింది నర్సుల దినోత్సవం నాటి గ్రూపు ఫోటో. అందులో ఆమె మూడో వరసలో ఒకరి టోపీ వెనక ఉంది.

అయినా హెప్సీకి ఈ సంబంధం మీద మనసు పడింది. రాత్రి డ్యూటీల సంగతి విల్సన్ ముందే చెబితే ఆ అబ్బాయి, "నాకూ ఉన్నాయి కదండీ" అన్నాడట. అంతే. ఇన్నేళ్లలో ఆ ముక్క అన్నవాడు ఇంకొకడు లేడు.

"ఆ మాట అన్న మనిషి ఎలా ఉంటాడో చూడాలి మేడం," అంది హెప్సీ. "కుదరకపోయినా పర్లేదు. ఒక్కసారి చూస్తాను."

పార్కులో ఒక పూట క్యాంపు అని ఏర్పాటు చేశారు. అంతమందికి డేరా వేసుకోవాలంటే మునిసిపాలిటీ వారి అనుమతి కావాలి. కాగితం గురువారం ఇస్తామన్నారు. బుధవారం నాడు దుబాయ్ పాలకుడు కాలం చేశారు. జెండాలు సగానికి దిగాయి. టీవీలో పాటలు ఆగిపోయాయి. ప్రభుత్వ కార్యాలయాలు వారం పాటు మూసేశారు. ఆ వారం వెనకాలే బక్రీదు సెలవులు కాచుకుని ఉన్నాయి.

పెద్దాయన పోయినందుకు కృపాకుమారి నిజంగానే బాధపడింది. చేరిన నాటి నుంచీ ఆయన పటం కిందే డ్యూటీ చేసింది. కళ్లు తుడుచుకుని, తర్వాత జ్ఞానరాజును మునిసిపాలిటీకి పంపింది. ఆయన పోయి, తాళం వేసిన తలుపు చూసి, కాపలావాడితో మాట్లాడి వచ్చాడు.

"ఖలాస్ అన్నాడు. ఈ వారం లేదు, వచ్చే వారం ఈద్ అన్నాడు."

"మరి పార్కులు తెరిచుంటాయా, ఉండవా?"

"అది చెప్పాల్సినవాళ్లు ఆఫీసులో ఉంటారంట. ఆఫీసు మూసేశారు కదా."

"వేరే ఎవర్నీ అడగలేదా?"

"అడిగాను. సగం మంది ఉంటాయన్నారు. సగం మంది ఉండవన్నారు. ఒకాయన నన్నే అడిగాడు." జ్ఞానరాజు చెప్పులు విప్పి కూర్చున్నాడు. "వాయిదా వేసేద్దామా కుమారీ?"

"ఎప్పటికి వేస్తారండి? శనివారం పొద్దున్న ఆ అబ్బాయి హెలికాప్టరెక్కి సముద్రంలోకి పోతాడు. మళ్లీ దిగేది నెలకి. ఈలోగా వాళ్లమ్మగారు అమలాపురంలో చూసుంచిన పిల్లకి మాటిచ్చేస్తారు. ఈ శుక్రవారం దాటితే ఇంక లేనట్టే."

"పోనీ ఏదన్నా హోటల్లో..."

"హోటల్లో ఎదురెదురు కూర్చోబెట్టి కాఫీ ఇప్పిస్తే దాన్నేమంటారు? పెళ్లిచూపులంటారు."

"మనింట్లో?"

కృపాకుమారి గది మధ్యలో వేలాడుతున్న కర్టెను వంక చూసింది. కర్టెను అవతల ఇంకో కుటుంబం ఉంది. వాళ్లు అంతవరకూ మాట్లాడుకుంటున్నవాళ్లు కాస్తా మాటలు ఆపారు.

"సరే," అన్నాడు జ్ఞానరాజు, గొంతు తగ్గించి. "ఎడారికి పోదాం. దానికి గేటు లేదు. గేటు లేనిదాన్ని ఏ సర్కారూ మూయలేదు."

ఇరవయ్యేళ్ల సంసారంలో జ్ఞానరాజు చెప్పిన మాటల్లో భార్య మారుమాట్లాడకుండా ఒప్పుకున్నది ఇదొక్కటే.

సంతాప దినాల్లో పిక్నిక్కేమిటని సంఘ పెద్దలు ఆక్షేపించారు. న్యాయమైన ఆక్షేపణే. కృపాకుమారి పిక్నిక్కును రద్దు చేసి, దాని స్థానంలో ఉపవాస కూడిక ప్రకటించింది. డోలక్కు, మైకు వద్దంది. ఆటలు వద్దంది. బిర్యానీ మాత్రం, బియ్యం అప్పటికే నానబెట్టేశారు గనక, ఉంచింది. ఉపవాసం ఎన్ని గంటలకు విరమించాలో బైబిలు వాక్యంలో రాసి లేదని, అది ఒంటిగంట కూడా కావచ్చునని వివరించింది.

శుక్రవారం తెల్లవారేసరికి హత్తా రోడ్డు దిగి, ఎర్ర ఇసుక దిబ్బల్లో రెండో దిబ్బ వెనక కారు ఆగింది. కృపాకుమారి దిగి నలువైపులా చూసింది. కంటికి ఆనినంత మేర మనిషన్నవాడు లేడు. చెట్టన్నది లేదు. దూరంగా ఒక ఒంటె ఉంది గాని దానికి నీడతో పని ఉన్నట్టు లేదు. ఆమె గబగబా నడిచిపోయి దుప్పటి పరిచింది. క్యాను పెట్టింది. గిన్నె పెట్టింది. సంచి పెట్టింది.

"ఎవరొస్తారని కుమారీ," అన్నాడు జ్ఞానరాజు, "ఇంత తొందర?"

"మీరు నాలుగో మూల కూర్చోండి."

పదింటికల్లా ఆమె దూరదృష్టి రుజువైంది. పార్కులున్నాయో లేవో తేల్చుకోలేని వాళ్లంతా ఎడారికి బయల్దేరారు. కార్లు దిగి, దిబ్బలెక్కి చూస్తే ఒక దుప్పటి, దాని మీద ఒక మనిషి కనబడేసరికి, ఇక్కడేదో ఉండబట్టే కూర్చున్నాడని అక్కడే ఆగారు. అటు పక్క ఎన్నో మైళ్ల ఇసుక, ఇటు పక్క ఎన్నో మైళ్ల ఇసుక ఖాళీగా పడుంటే, జనమంతా వచ్చి జ్ఞానరాజుకు జానెడు దూరంలో చాపలు వేసుకున్నారు. ఒకాయన మర్యాదగా, "ఇక్కడెవరైనా ఉన్నారాండీ?" అని అడిగి మరీ కూర్చున్నాడు.

డ్యూటీ పడి రాలేకపోయిన విల్సన్ అబ్బాయికి చెప్పిన గుర్తు ఒక్కటే. ఎర్ర దిబ్బలు రాగానే ఎడమ పక్కన నీలం దుప్పటి. దిబ్బల వెనక సెల్‌ఫోను పనిచెయ్యదు. అందుకని ఆ గుర్తే ఆధారం.

ప్రభుకిరణ్ పదకొండింటికి వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, స్నేహితుడి దగ్గర అరువు తెచ్చిన కారు. కారు రోడ్డు మీద వదిలి మొదటి దిబ్బ ఎక్కాడు. దిగువన నీలం రంగు కనబడింది. అది కృపాకుమారి దుప్పటి కాదు. హన్మాండ్లు పరిచిన టార్పాలిన్.

హన్మాండ్లు ఆర్మూరు వైపు మనిషి, ఒక కంపెనీలో మినీబస్సు డ్రైవరు. ఆ రోజు సైటు బందు. లేబర్ క్యాంపులో పడుకుని పైకప్పు చూడడం ఇష్టం లేని తన ఊరివాళ్లను బస్సులో వేసుకుని ఇసుక చూపించడానికి తెచ్చాడు. వంటకు ఐలవ్వ వచ్చింది. సత్వాలో ఒకరింట్లో పనిచేసే పెద్దమ్మ. ఆ ఊరివాళ్లకు అక్కడ తల్లి, తండ్రి, సర్పంచి అన్నీ ఆమే.

తెల్లచొక్కా మనిషి దిబ్బ దిగి వచ్చి నిలబడ్డాడు. ఆచారం ప్రకారం ఏమీ అడగలేదు. నవ్వాడు.

"నిలవడ్డవేంది బిడ్డా, కూసో," అంది ఐలవ్వ. ఎడారిలో ఒక తెలుగు మొహం కనబడితే కూర్చోబెట్టి పెట్టడానికి ఆమెకు వేరే కారణం అక్కర్లేదు.

ఆమె అజమాయిషీ చూసి, హెడ్ నర్సు కృపాకుమారి గారంటే ఈవిడే అని ప్రభుకిరణ్ నిర్ధారించుకున్నాడు. యాస తేడాగా ఉంది. దుబాయ్‌లో చాలాకాలం ఉంటే పాలకొల్లు యాస ఇలా మారుతుంది కాబోలు అనుకున్నాడు.

"యే ఊరు మనది?"

"అమలాపురం దగ్గరండి."

"యాడ పని?"

"సముద్రంలో, ఆయిల్ ఫీల్డులో అండి."

"ఎంతిస్తరు?"

చెప్పాడు.

"అబ్బో. తిండి ఆల్లదేనా, మనదేనా?"

"వాళ్లదేనండి."

"ఊర్ల ఇల్లు కట్టినవా?"

"కింద వాటా అయిందండి. పైన స్లాబు వెయ్యాలి."

"అక్కచెల్లెండ్లున్నరా?"

"ఒక్క చెల్లెలండి. పెళ్లయిపోయింది."

ఏ అమ్మాయి తరఫువాళ్లయినా ఏ వరసలో అడుగుతారో ఆ వరసలోనే ప్రశ్నలు వస్తున్నాయి. అనుమానించడానికి అతనికి కారణం లేదు. ఐలవ్వ కొత్తగా ఎవరు కనబడినా ఇవే అడుగుతుందని అతనికి తెలియదు.

"పిల్లలెంతమంది?"

"ఇంకా పెళ్లే కాలేదు కదండీ," అన్నాడు సిగ్గుపడుతూ.

"ఎందుక్కాలే? రోగం గీగం ఏమన్నున్నదా?"

వైద్యం తెలిసిన కుటుంబం, అడగక ఏం చేస్తారు అనుకున్నాడు. "లేదండి. ప్రతి ఏడూ కంపెనీ మెడికల్ చేయిస్తుంది. అన్నీ ఫిట్టేనండి."

"మంచిగున్నడు పోరడు," అంది ఐలవ్వ అందరి వంకా చూసి. హన్మాండ్లు కూడా తలూపాడు. ప్రభుకిరణ్‌కు సగం కుదిరినట్టే అనిపించింది.

కోడికూర, రొట్టె వచ్చాయి. అతను చేతులు కట్టుకుని కళ్లు మూసి మనసులో ప్రార్థన చేసుకున్నాడు.

"కండ్లు మూస్తివేంది? ఇంక తినకముందే కారమైందా?"

"లేదండి," అని తినడం మొదలుపెట్టాడు. క్రైస్తవ కుటుంబంలో ప్రార్థన లేకపోవడం కొంచెం వింతగా తోచింది గాని, అనుకోకుండా కలిసినట్టు ఉండడం కోసం అదీ మానేశారేమో, ఎంత పకడ్బందీగా చేస్తున్నారో అని మెచ్చుకున్నాడు. రెండోసారి కూర వేయించుకున్నాడు. చెయ్యి కడుక్కున్నాడు. అమ్మాయి జాడ మాత్రం లేదు. కాసేపు ఆగి, ఎంతో తెగించి, "మీ అమ్మాయి రాలేదాండి?" అన్నాడు.

"నా బిడ్డనా? అది ఆర్మూర్ల ఉంటది. మొన్ననే రెండో పిలగాడు పుట్టిండు."

ప్రభుకిరణ్ తను కూర్చున్న నీలాన్ని మొదటిసారి తడిమి చూశాడు, దుప్పటి కాదు, టార్పాలిన్.

అవతల, రెండో దిబ్బ వెనక, ఉపవాసం ఒంటిగంట దాటినా విరమించలేదు. అబ్బాయి వచ్చేదాకా గిన్నె మూత తీయనని కృపాకుమారి పట్టుబట్టింది. సంఘస్థులు కీర్తనల్లో ఆకలికి సంబంధించినవి వెతుక్కుంటున్నారు. హెప్సీ ఉదయం నుంచి మూడుసార్లు దిబ్బెక్కి రోడ్డు వంక చూసి వచ్చింది. నాలుగోసారి ఎక్కలేదు.

"అతనికి ఇష్టం లేదేమో మేడం," అంది.

"ఇష్టం లేనివాడు లేదని చెప్పొచ్చుగా. ఏవండీ, కారు తీసి రోడ్డు మీద చూసి రండి. తెల్లచొక్కా అంట."

జ్ఞానరాజు నాలుగో మూల నుంచి లేచాడు. దుప్పటి ఎగిరింది. కారు స్టార్టు చేసి ఆవేశంగా తొక్కాడు. చక్రాలు గిర్రున తిరిగి సగం దాకా ఇసుకలో దిగబడ్డాయి. ఇంకా తొక్కాడు. ఇంకా దిగాయి.

"మీరు దిగండి బాబాయ్," అంది హెప్సీ. అయిదోసారి పరీక్షలో డ్రైవింగు లైసెన్సు సంపాదించిన మనిషి, ఆ అధికారంతో స్టీరింగు ముందు కూర్చుంది. "నలుగురు మగాళ్లని పిలుచుకురండి."

పొద్దుట్నుంచి పస్తున్న సంఘస్థుల బలం మీద నమ్మకం లేక, జ్ఞానరాజు దిబ్బ దాటి టార్పాలిన్ దగ్గరకు వచ్చేసరికి హన్మాండ్లు ఆయన మొహం చూసే లేచాడు.

"గాడి ఫసాయించిన్రా సార్? యల్లా, పదుండ్రి. అరే, అందరు లెవ్వుండ్రి."

ప్రభుకిరణ్ కూడా లేచాడు. కూర్చుని చెయ్యగలిగింది ఏమీ లేదు. భోజనం చేసిన కృతజ్ఞత కూడా ఉంది.

"తెల్లంగి ఉన్నది సార్, నువ్వు కూసో," అన్నాడు హన్మాండ్లు.

"పర్లేదన్నా."

జ్ఞానరాజు తెల్లచొక్కాను చూశాడు. అనుమానం కూడా వచ్చింది. కానీ నువ్వేనా అని అడగకూడదన్న ఆచారం పెట్టింది తన భార్య. ఇరవయ్యేళ్లుగా ఆమె పెట్టిన ఏ ఆచారాన్నీ ఆయన మీరలేదు. అలా ఇద్దరూ పక్కపక్కనే, ఒకరు వెతుకుతున్నది రెండోవారినే అయ్యుండి, మౌనంగా దిబ్బ దాటి వచ్చారు.

అందరూ కారు వెనక చేరారు. "ఆ తెల్లచొక్కా ఆయన్ని చక్రం వెనకాల్నుంచి జరగమనండి," అని హెప్సీ తల బయటపెట్టి అరిచింది. "మొహాన కొడుతుంది." ఇంజను చప్పుడులో అతనికి వినబడలేదు. హన్మాండ్లు "దక్కా మారో" అన్నాడు, అందరూ తోశారు, కారు ఒక్క గెంతుతో పైకొచ్చింది, చక్రం కింది ఇసుకంతా తెల్లచొక్కా మీదికి, దాని పైనున్న మొహం మీదికి పోయింది.

హెప్సీ దిగి పరుగెత్తుకొచ్చింది. "రుద్దకండి. చెయ్యి తియ్యండి. తియ్యమన్నానా? కూర్చోండి." నీళ్ల సీసా అందుకుంది. గడ్డం పట్టి తల వెనక్కి వంచింది. వార్డులో మొండి రోగులకు చేసినట్టు, వేలితో రెప్ప తిప్పి లోపల చూసింది.

పెళ్లిచూపుల చరిత్రలో అబ్బాయి కళ్లు మూసుకుని ఉండగా, అమ్మాయి అతని కనురెప్పలు మడిచి చూడడం అంతకుముందు జరిగిన దాఖలా లేదు. చూపులు అన్న మాటకు అంతకన్నా న్యాయం ఎవరూ చెయ్యలేదు.

"చెబితే వినరాండీ మీరు?"

"వినపడలేదండి."

"పనిచేసేచోట ఇలాగే చేస్తారా? కళ్లద్దాలూ అవీ ఇవ్వరా?"

"ఇస్తారండి. అక్కడ ఎప్పుడూ పెట్టుకునే ఉంటాను. హెల్మెట్టు కూడా."

హెప్సీ చేతిలో సీసా ఒక్క క్షణం ఆగింది. "ఎక్కడ పని?"

"సముద్రంలో అండి. నెల అక్కడ, నెల ఇక్కడ."

"నైట్ డ్యూటీలుంటాయా?"

"ఉంటాయండి."

ఆమె మొదటి కన్ను కడగడం పూర్తిచేసింది. రెండో కంట్లో ఇసుక లేదు. అదీ కడిగింది. నిదానంగా కడిగింది.

అప్పటికి కృపాకుమారి వచ్చి చూసింది. తడిసిన తెల్లచొక్కా, ఎర్రబడ్డ కళ్లు, పక్కనే మాటలు తగ్గించిన హెప్సీ. ఆ చివరిది ఆమె ఎప్పుడూ చూడని దృశ్యం. విషయం గ్రహించి, తన ఆచారాన్ని తనే కాలదన్ని, "నువ్వు ప్రభుకిరణ్‌వా బాబూ?" అంది.

"అవునండి."

"మరి పొద్దుట్నుంచి ఎక్కడున్నావ్?"

అతను టార్పాలిన్ వైపు చెయ్యి చూపించాడు. "వాళ్లని మీరే అనుకున్నానండి. అన్నీ అడిగారు."

ఐలవ్వ అప్పుడే దిబ్బ దిగి వచ్చింది. సంగతి విని నడుము మీద చెయ్యి పెట్టుకుంది. "అంటే నువ్వు పిల్లను చూడనొచ్చినవా? ముందుగాల చెప్పొద్దా? ఇంకిన్ని అడుగుతుంటి కదా." తర్వాత కృపాకుమారి వైపు తిరిగింది. "ఇగో అక్కా, జీతం మంచిగనే ఉన్నది. కింద ఇల్లైంది, పైన స్లాబెయ్యాలె. రోగం లేదు. మనిషి నెమ్మది. నేనన్ని చూసిన, నువ్వు మల్ల అడుగకు. పొద్దు పోతది."

కృపాకుమారి జీవితంలో తనకంటే ముందు ఇంకొకరు జాగా పట్టడం అదే మొదటిసారి. ఆమె బిర్యానీ మూత తీసి మొదటి ప్లేటు ఐలవ్వకు ఇచ్చింది.

నాలుగింటికి ప్రభుకిరణ్ బయల్దేరాడు. హెప్సీ రోడ్డు దాకా వెళ్లి, చీటీ మీద కంటిచుక్కల పేరు, కింద తన నంబరు రాసిచ్చింది. వారం రోజులు వేసుకోమంది. కారు వెళ్లిపోయాక కృపాకుమారి అడిగింది.

"ఏమంటావే?"

"చూశాను మేడం."

"ఎలా ఉన్నాడు?"

"కళ్లు బాగా ఎర్రగా ఉన్నాయి."

"అది కాదే."

"చుక్కలు పనిచేస్తున్నాయో లేదో ఫోను చేసి చెబుతానన్నాడు. చెయ్యనీండి."

చేశాడు. సముద్రం మీద నుంచి, తన రాత్రి డ్యూటీలో, ఆమె రాత్రి డ్యూటీకి. కళ్లు నయమైన తర్వాత కూడా చేస్తూనే ఉన్నాడు. అమలాపురం సంబంధాన్ని వాళ్లమ్మగారు ఈస్టరుకు ముందే వదులుకున్నారు. పెళ్లి మే నెలలో పాలకొల్లులో జరిగింది. కృపాకుమారికి సెలవు దొరకలేదు.